నడవని బుల్లెట్‌ని పాలమూరు చేర్చిన తీరు

పాత బుల్లెట్‌ని ట్రాలీ ఎక్కించాలి అనగానే అందరూ ముందు అడిగేది "ఎంతమందున్నరు?" అని. మా ఊళ్ళోనూ అదే అడిగారు. మనుషులకు కొదవ లేదు, పొద్దున్నే అరడజను మంది వచ్చి నిలబడ్డారు. అయినా ట్యాంకుకు సొట్ట పడింది, మా తమ్ముడి వేళ్ళకు కుట్లు పడ్డాయి, వచ్చిన టాటా ఏస్ ఖాళీగా వెనక్కి పోయింది. తర్వాత అదే బండిని ముగ్గురమే కలిసి, పెద్దగా చెమట కూడా పట్టకుండా ఎక్కించాం. రెండుసార్లూ ఏం జరిగిందో వివరంగా రాస్తే, కొట్టంలో పడి ఉన్న పాత బండిని ఊరు దాటించాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

బండి మా పెదనాన్నది. 1994 మోడల్ బుల్లెట్ 350, పాత ఇనుప ఇంజన్ రకం, ఏపీ 24 నంబరు. మాది నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో ఒక ఊరు. బత్తాయి తోటకు, దేవరకొండ బ్యాంకుకు, చుట్టాల పెళ్ళిళ్ళకు ఆయన దాని మీదే తిరిగాడు. మోకాళ్ళు అరిగి కిక్కు కొట్టలేని పరిస్థితి వచ్చాక పశువుల కొట్టంలో ఓ మూల నిలిపి, మీద గోనెపట్టా కప్పాడు. అట్లా ఏళ్ళు గడిచాయి. నేను అడిగినప్పుడు, "నడిపించుకుంటనంటే తీస్కపో బిడ్డా, పాతసామానోనికి మాత్రం ఎయ్యకు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన బండి వైపు చూడలేదు, అవతలికి తిరిగాడు. అందుకే దాని మీద గీత కూడా పడకుండా తీసుకుపోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఇనుప ఇంజన్ బుల్లెట్‌ని విప్పి సరిగ్గా బిగించే మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. 2010 దరిదాపుల్లో కొత్తరకం ఇంజన్లు వచ్చాక నేర్చుకున్న పిల్లలకు పాత పాయింట్ల సెట్టింగూ, ట్యాపెట్లూ అలవాటు లేదు. వాకబు చేస్తే పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడని తెలిసింది. మా ఊరి నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. మల్లేపల్లి దాకా వచ్చి 167 నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా నేరుగా పోవచ్చు. బండి నడిచే స్థితిలో ఉంటే పొద్దున బయల్దేరి భోజనం వేళకు చేరేంత దూరమే. కానీ పిస్టన్ పట్టేసింది. కిక్కు మీద మనిషి నిలబడ్డా కదలదు.

నడవని బండికీ నడిచే బండికీ ఎక్కించే దగ్గర ఎంత తేడా ఉంటుందో అప్పుడే అర్థమైంది. నడిచే బండి అయితే కనీసం బ్రేకు ఉంటుంది, క్లచ్ ఉంటుంది. పలక మీద జారితే గేర్లో ఉంచి క్లచ్ వదిలేస్తే వెనక చక్రం ఆగిపోతుంది. మా బండికి ఆ ఆధారం ఒక్కటీ లేదు. వెనక బ్రేకు షూలు తుప్పు పట్టి డ్రమ్ముకు అతుక్కుపోయి ఉన్నాయి, చక్రమే తిరగలేదు. అంగడిపేట ఎక్స్ రోడ్డు నుంచి పంక్చర్ షాపతన్ని పిలిపిస్తే, బ్రేక్ రాడ్ నట్టు మొత్తం వదులు చేసి, డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. చాలాసేపటికి చక్రం గరగరమని తిరిగింది. తిరిగింది గానీ, ఇక వెనక బ్రేకు లేనట్టే. ముందు బ్రేకు కేబుల్ బిగుసుకుపోయింది. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, లివర్ నొక్కినా విడిపోవు. అంటే బండి న్యూట్రల్‌లో ఉంటే తిరుగుతుంది, గేర్లో పడితే రాయిలా ఆగుతుంది. మధ్యలో ఇంకేం లేదు.

ముందు టైరుకు గాలి కొడితే నిలబడింది. వెనక ట్యూబు పాతదే, ఓ చోట ప్యాచ్ వేశాడు. కొత్త ట్యూబు వేద్దామంటే ఆ సైజు దగ్గర లేదన్నాడు. దాని సంగతి తర్వాత దారిలో తెలిసింది.

టాటా ఏస్ అతను మల్లేపల్లి నుంచి వచ్చాడు. ఒక సెంట్రింగ్ చెక్క వెంట తెచ్చుకున్నాడు. ఆరడుగుల పొడవు, జానెడు వెడల్పు. ఇంటి ముందు వాకిలి రోడ్డు వైపు కొంచెం వాలుగా ఉంటుంది. ట్రాలీని రివర్స్ పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, దిగి వచ్చాడు. డాలా (ట్రాలీ వెనక తలుపు) దించి చెక్క కొసను ట్రాలీ అంచు మీద ఆనించాడు. తాడుతో కట్టలేదు, టైర్ల కింద రాళ్ళు పెట్టలేదు. పెదనాన్న "రాళ్ళు పెట్టరాదు బాబూ" అని అడిగితే, "రోజూ చేసే పనే పెద్దాయనా, ఏంగాదు" అన్నాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. బుల్లెట్ బరువు దాదాపు 170 కిలోలు. ఆ ట్రాలీ అంచు నేల నుంచి రెండుంపావు అడుగుల ఎత్తుంది, తర్వాత టేపుతో కొలిచాను. బరువును ఎత్తుతో గుణించి చెక్క పొడవుతో భాగిస్తే తోయాల్సిన బలం ఎంతో వస్తుంది. ఆరడుగుల చెక్క మీద అది దాదాపు 64 కిలోలు. పన్నెండడుగుల చెక్క అయితే అందులో సగం చాలు. 64 కిలోలు అంటే నలుగురికి లెక్కే కాదు అనిపిస్తుంది. కానీ జానెడు చెక్క మీద నలుగురికి చోటెక్కడిది? వెనక క్యారియర్ పట్టుకుని ఒకరో ఇద్దరో తోస్తారు, హ్యాండిల్ దగ్గర అటొకరు ఇటొకరు ఉంటారు, మిగిలినవాళ్ళు "ఎయ్, ఎయ్" అని అరుస్తారు. ముందు చక్రం ట్రాలీ మీదికి చేరేసరికి హ్యాండిల్, దాన్ని పట్టుకున్నవాళ్ళ తల కంటే ఎత్తుకు పోతుంది. కింద నిలబడినవాడి చేతులు పైకి చాచి ఉంటాయి. చాచిన చేతుల్లో బలం ఉండదు. ఆ క్షణంలో బరువంతా ఎవరి చేతిలోనూ ఉండదు. నాకు తెలిసి దెబ్బలు తగిలేది ఎప్పుడూ అక్కడే. చెక్క మధ్యలో పడిపోయిన బండి తక్కువ, అంచు దాటే చోట పడేదే ఎక్కువ.

నేను ముందే ట్రాలీ ఎక్కి కుడివైపు హ్యాండిల్ అందుకోవడానికి నిలబడ్డాను. తమ్ముడు ఎడమవైపు. అతనికి ఎత్తు చాలదని ఒక బత్తాయి ట్రే బోర్లించి దాని మీద నిలబెట్టారు. పక్కింటి మామ, ఇంకో ఇద్దరు వెనక నుంచి తోశారు. ముందు చక్రం పైకి వచ్చింది. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. ఇంజన్ అడుగుభాగం సరిగ్గా అంచు మీదికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. సెంటర్ స్టాండు కాళ్ళు ట్రాలీ అంచుకు తగులుకున్నాయి. వెనకవాళ్ళు ఇంకొంచెం బలంగా నెట్టారు. ఆ నెట్టుడుకు బండి ముందుకు రాలేదు, ట్రాలీయే ముందుకు కదిలింది. వాలు మీద హ్యాండ్ బ్రేక్ ఒక్కటే ఆపలేకపోయింది. జానెడు కదిలిందో లేదో, చెక్క పైకొస అంచు నుంచి జారింది.

పెదనాన్న మంచం మీద నుంచి లేచి "గేర్ల ఎయ్యి, గేర్ల ఎయ్యి!" అని అరిచాడు. ఆయన చెప్పింది సరైనదే. ఆ బండి గేర్లో పడితే వెనక చక్రం కదలదు. తమ్ముడు వెంటనే కాలితో పెడల్ తొక్కాడు. వాడు నడిపేది పల్సర్, దాని గేరు ఎడమవైపు ఉంటుంది. ఈ పాత బుల్లెట్‌కు గేరు కుడివైపు, ఎడమకాలి కింద ఉండేది బ్రేకు. నట్టు విప్పేసిన ఆ బ్రేకు పెడల్ తొక్కితే ఏముంటుంది, టకటకమని ఆడింది అంతే. వాడి బరువుకు కాలికింద బత్తాయి ట్రే పగిలింది. చెక్క కింద పడింది, వెనక చక్రం ధబ్బుమని నేలకు తగిలింది, బండి ఎడమకు వాలింది. ట్యాంకు పోయి డాలా మూల స్తంభానికి కొట్టుకుంది. తమ్ముడి చేతివేళ్ళు క్లచ్ లివర్‌కీ ట్రాలీ గోడకీ మధ్య ఇరుక్కున్నాయి.

అప్పుడు మంది ఉన్నందుకు ఒక మేలు జరిగింది. అందరూ కలిసి బండిని పైకి లేపి పట్టుకున్నారు, వాడు చెయ్యి తీసుకున్నాడు. దేవరకొండ తీసుకుపోయి రెండు వేళ్ళకు కుట్లు వేయించి, టీటీ ఇంజక్షన్ ఇప్పించి తెచ్చాం. ఎముకకు ఏమీ కాలేదు. దారి పొడుగునా వాడు "అన్నా, గేరు అటు దిక్కు ఉంటదని నాకేం తెలుసు" అంటూనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడికి తెలియడానికి అవకాశమే లేదు. అందుకే చెబుతున్నాను: పాత బండి పట్టుకునే ప్రతి మనిషికీ ముందు గేరెక్కడ, బ్రేకెక్కడ, న్యూట్రల్ ఎట్లా పడుతుంది అనేది చూపించాలి. ఈ బుల్లెట్లకు గేరు లివర్ పక్కనే వెనక వైపు ఇంకో చిన్న లివర్ ఉంటుంది, మడమతో నొక్కితే ఫస్ట్ తప్ప మిగతా గేర్ల నుంచి నేరుగా న్యూట్రల్‌కు వస్తుంది. అది కూడా చూపించాలి. ఎక్కించాక చూపిస్తే లాభం లేదు.

ఏస్ డ్రైవర్‌కు డీజిల్ ఖర్చు ఇచ్చి పంపించాం. ఆ సాయంత్రం పెదనాన్న ట్యాంకు మీది సొట్టను బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. ఏమీ అనలేదు. నేనే ఉండబట్టలేక పోయి, "పెదనాన్నా, ఇంకోపాలి అట్ల కానియ్య" అన్నాను.

ఊళ్ళో తోటల నుంచి బత్తాయి లోడు హైదరాబాద్ మార్కెట్‌కి వేసే బొలెరో పికప్ డ్రైవర్ ఒకతను ఉన్నాడు. సీజన్ అయిపోయి ఖాళీగా ఉన్నాడని తెలిసి అడిగాను. అతను బండిని చూడ్డానికి వచ్చి, ముందు మనుషుల గురించి అడగలేదు. "ఇక్కడికి కాలువ ఎంత దూరం?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "బండిని మనం ఎత్తుకు ఎక్కించుడు ఎందుకన్నా, ట్రాలీనే కిందికి దించుదాం" అన్నాడు.

ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) సాగునీటి కాలువ మా ఊరి పక్క నుంచే పోతుంది. కాలువ గట్టు మీద బండ్లు తిరిగే బాట ఉంటుంది. ఒకచోట పొలాల్లోకి ట్రాక్టర్ దిగడానికి గట్టును కోసి దారి తీశారు. ఆ కోసిన చోట గట్టు గోడలాగా నిలువుగా ఉంటుంది. అతను బొలెరోను ఆ కింది దారిలో రివర్స్ పెట్టుకుంటూ వచ్చి, వెనక భాగం గట్టుకు ఆనేదాకా తెచ్చాడు. బొలెరో ట్రాలీ ఏస్ కంటే ఎత్తు, నడుము దాకా వస్తుంది, మూడడుగులకు అటూ ఇటూ. అయినా గట్టు మీద నిలబడి చూస్తే ట్రాలీ అడుగు మా కాళ్ళకు నాలుగు వేళ్ళ కింద ఉంది. ఎక్కించాల్సింది పోయి, కొంచెం దించాల్సి వచ్చింది.

అతను చేసిన పనులు ఒక్కొక్కటి గమనించాను. ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్లో ఉంచాడు, హ్యాండ్ బ్రేక్ లాగాడు, నాలుగు టైర్లకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టించాడు. గట్టు అంచు మట్టి విరగకుండా దాని మీద ఒక పాత కొయ్య తలుపు పరిచాడు. తలుపుకూ ట్రాలీకీ మధ్య రెండు పొట్టి పలకలు వేసి, రెండు కొసల్లో ఉన్న బెజ్జాల్లోంచి తాడు దూర్చి ట్రాలీ కొక్కేలకు కట్టేశాడు. పలక లాగి చూశాడు. కదల్లేదు. తర్వాత తను పలక మీద ఎగిరి చూశాడు. అప్పుడు "తీసుకురార్రి" అన్నాడు.

ఇంటి నుంచి గట్టు దాకా బండిని తోసుకుంటూ పోవడమే ఆ రోజు మొత్తంలో కష్టమైన పని. గట్టు మీదికి బాట మెల్లగా ఎక్కుతుంది కాబట్టి అక్కడ కూడా ఇబ్బంది కాలేదు. సెంటర్ స్టాండు స్ప్రింగు వదులై కాళ్ళు కిందికి వేలాడుతున్నాయని డ్రైవర్ కనిపెట్టి, సుతిలితో పైకి కట్టాడు. మొదటిసారి అంచుకు తగులుకున్నది అదే. నేను ఎడమవైపు, డ్రైవర్ కుడివైపు గేరు దగ్గర, పక్కింటి మామ వెనక. చేతికి కట్టుతో తమ్ముడు పక్కన నిలబడి, ముందు చక్రం పలక మీద సూటిగా పోతుందో లేదో చెప్పాడు. బండి ట్రాలీలోకి అట్లా దొర్లిపోయింది. ఎవరి చెయ్యీ నడుము కంటే పైకి లేవలేదు. పెదనాన్న గట్టు మీద కర్రకు ఆనుకుని నిలబడి "గిదే పని మొన్ననే చేస్తే అయిపోవు" అన్నాడు.

మా దగ్గర కాలువ గట్టుంది. మిర్యాలగూడ వైపు అయితే రైస్ మిల్లుల ప్లాట్‌ఫాంలు ఉంటాయి, బాదేపల్లి లాంటి మార్కెట్ యార్డుల్లో బస్తాలు దించే అరుగులు ఉంటాయి. పాత బస్టాండ్ల దగ్గర పార్సిల్ గోదాముల ముందు కూడా అట్లాంటివి కనిపిస్తాయి. అడిగితే ఎవరూ కాదనరు. అక్కడి హమాలీలకు పలకలు ఎట్లా వేయాలో మనకంటే బాగా తెలుసు. ఇంటి ముందే ఎక్కించాలన్న పంతం ఎందుకో మనకు.

కట్టడం ఇంకో పెద్ద పని. నేను సెంటర్ స్టాండు వేసి కడతాడేమో అనుకున్నాను. అతను వద్దన్నాడు. స్టాండు మీద నిలబెడితే గతుకుల్లో బండి ఎగిరి స్టాండు కాళ్ళ మీదే పడుతూ ఉంటుందట, కాసేపటికి స్టాండు ముడుచుకుని బండి పక్కకు వాలుతుందట. రెండు చక్రాల మీదే నిటారుగా నిలిపి, ముందు చక్రాన్ని క్యాబిన్ వెనక గోడకు ఆనించి, మధ్యలో ఒక పాత టైరు పెట్టాడు. తర్వాత బండిని గేర్లో వేశాడు. ఇంజన్ పట్టేసి ఉండటం ఇక్కడ మాకు లాభమైంది, వెనక చక్రం కదలకుండా తాళం వేసినట్టయింది.

తాళ్ళు హ్యాండిల్ కొసలకు కట్టలేదు. అక్కడ కడితే లాగుడుకు హ్యాండిల్ ఒక పక్కకు తిరుగుతుంది, కేబుళ్ళు నలుగుతాయి. ముందు ఫోర్కు రెండు కాళ్ళనూ కలిపే అడ్డపట్టీ ఉంటుంది కదా, హెడ్‌లైట్ కింద, అక్కడ కట్టాడు. తాడు రాసుకునే ప్రతి చోటా గోనె ముక్క చుట్టాడు. మామ సీటు మీద కూర్చుని ఫోర్కు స్ప్రింగులు సగం దాకా నొక్కితే, ఆ నొక్కుడు మీద అటూ ఇటూ సమానంగా తాళ్ళు బిగించాడు. మామ దిగగానే స్ప్రింగు పైకి లేవబోయి తాళ్ళను తీగల్లాగా లాగి పెట్టింది. పూర్తిగా నొక్కి కట్టొద్దట, ఫోర్కు ఆయిల్ సీళ్ళు పోతాయట. వెనక క్యారియర్ దగ్గర రెండు తాళ్ళు, అవి బండిని కిందికి లాగడానికి కాదు, వెనక భాగం పక్కలకు ఊగకుండా ఉండటానికి.

ట్యాంకులో ఏనాటిదో పెట్రోలు ఇంత ఉంది, వార్నిష్ వాసన వస్తోంది. దాన్ని ముందురోజే పైపు తీసి డబ్బాలోకి వంపేశాను. బ్యాటరీ విప్పేశాను, వాలితే ఆసిడ్ కారి క్రోమియం తినేస్తుంది. ఆర్సీ కాగితం, పెదనాన్న ఆధార్ జిరాక్సు నా జేబులో పెట్టుకున్నాను, దారిలో ఎవరన్నా ఆపి బండి ఎవరిదని అడిగితే చూపించడానికి.

మల్లేపల్లి దాటాక రోడ్డు బాగానే ఉంది. ఊళ్ళు వచ్చిన చోటల్లా స్పీడ్ బ్రేకర్లు. ప్రతి దాని దగ్గరా నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. కల్వకుర్తిలో టీకి ఆగినప్పుడు ఎక్కి చూస్తే కుడివైపు తాడు వదులైపోయింది, వేలు పెట్టి పైకి లేపితే లేస్తోంది. బండి కొంచెం ఒరిగి ఉంది. ముడి ఊడలేదు. వెనక టైరు దిగిపోయింది. పాత ట్యూబుకు వేసిన ప్యాచ్ గాలి వదిలేసింది. టైరు కూర్చుండిపోతే బండి ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే తాడు బిగువు పోతుంది. దానికి తోడు నైలాన్ తాడు సాగుతుంది, గోనె ముక్కలు నలిగి పలచబడతాయి. కొత్తగా కట్టిన తాళ్ళను పదీ పదిహేను కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి చూడటం తప్పనిసరి అని డ్రైవర్ అన్నాడు. మల్లేపల్లి దాటాక ఆగుదామని అతనే అన్నాడు కూడా, కానీ అక్కడ రోడ్డు పక్కన చోటు దొరకలేదు.

గాలి కొట్టిస్తే మళ్ళీ దిగుతుందని, టైరును అట్లాగే వదిలేసి తాళ్ళు తిరిగి కట్టాడు. తాడు మధ్యలో చిన్న ఉచ్చు వేసి, కొసను కింది కొక్కెం చుట్టూ తిప్పి, మళ్ళీ ఆ ఉచ్చులోంచి తీసి కిందికి లాగుతాడు. అట్లా లాగితే ఒక్క మనిషి లాగినా తాడు బాగా బిగుస్తుంది. లారీల మీద టార్పాలిన్ బిగించేవాళ్ళు వేసే ముడి అదే. నా చేత కూడా ఒకటి వేయించాడు. జడ్చర్ల ఫ్లైఓవర్ కింద ఇంకోసారి ఆగి చూశాం, బిగువు పోలేదు.

మహబూబ్‌నగర్ చేరేసరికి పొద్దు వాలింది. గంజ్‌లో (మార్కెట్ యార్డులో) అరుగు దగ్గర దించుకుందామని అనుకున్నాం గానీ, అక్కడ వడ్ల లారీలు వరుస కట్టి ఉన్నాయి. రాత్రి దాకా ఖాళీ అయ్యేటట్టు లేదు. మేస్త్రీ షాపు ముందు రోడ్డు చదునుగా ఉంది, గట్టూ లేదు, అరుగూ లేదు. షాపులో కుర్రాళ్ళు "నలుగురం పట్టుకుంటే దిగదా అన్నా, ఎత్తి దించుదాం" అన్నారు. మేస్త్రీ వాళ్ళను గదమాయించాడు. ఎక్కించేటప్పుడు బండి మన మీదికి వస్తుంది, దించేటప్పుడు మనల్ని లాక్కుపోతుంది, బ్రేకు లేని బండితో ఆ ఆట ఆడొద్దు అన్నాడాయన.

అప్పుడు డ్రైవర్ చేసింది చూసి నాకు చాలా సంతోషమైంది. పొడుగాటి మోకు తీసి ఒక కొసను బుల్లెట్ ఫోర్కు అడ్డపట్టీకి కట్టాడు. ఇంకో కొసను క్యాబిన్ వెనక ఉన్న ఇనుప స్తంభానికి రెండు చుట్లు తిప్పి చేతిలో పట్టుకున్నాడు. షాపు నుంచి పదడుగుల ఇనుప చానెల్ ఒకటి తెచ్చి, ట్రాలీ అంచుకు తాడుతో కట్టి కిందికి వేశారు. మేస్త్రీ న్యూట్రల్ చేసి, నేను హ్యాండిల్ పట్టుకుని బండి వెంట వెనక్కి నడిచాను. వెనక్కి దిగే బండికి హ్యాండిల్ దానంతట అదే ఒక పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది, దాన్ని సూటిగా పట్టుకోవడమే నా పని. కింద ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కన ఊరికే చేతులు ఆనించారు. బరువంతా ఆ మోకు మీద, స్తంభం చుట్టూ ఉన్న రెండు చుట్ల మీద. డ్రైవర్ ఒక్క చేత్తో తాడు కొంచెం వదిలితే బండి కొంచెం దిగుతుంది, పట్టుకుంటే ఆగుతుంది. మధ్యలో దిగిపోయిన వెనక టైరు చానెల్ అంచుకు ఒరుసుకుంటే ఆపి, సర్ది, మళ్ళీ వదిలాడు. నూటడెబ్బై కిలోల బరువు అతని గుప్పిట్లో అంత నెమ్మదిగా దిగింది. బుల్లెట్ హ్యాండిల్ అద్దం ఒకటి మాత్రం కుర్రాడి భుజం తగిలి విరిగింది.

కిరాయి ముందు అనుకున్నదాని మీద కొంత ఎక్కువే ఇచ్చాను, తీసుకోనంటే జేబులో పెట్టాను.

మేస్త్రీ ప్లగ్గు విప్పి ఆ కంతలోంచి కిరసనాయిలూ ఆయిలూ కలిపి పోశాడు, కొన్నాళ్ళు నాననివ్వాలన్నాడు. ట్యాంకు సొట్ట చూసి ఇది రోడ్డు మీద పడ్డది కాదు కదా అని అడిగాడు. తన దగ్గరికి వచ్చే పాత బండ్లలో ట్యాంకు సొట్టలూ, వంగిన ఫుట్‌రెస్టులూ చాలావరకు ట్రాలీ ఎక్కించేటప్పుడు అయినవే అన్నాడు. డెంటింగ్ చేయించి పాత బంగారు గీతలు మళ్ళీ చేత్తో వేయించే మనిషి ఊళ్ళో ఉన్నాడట, ట్యాంకు విప్పి అతనికి పంపిస్తానన్నాడు.

పెదనాన్నకు ఫోన్ చేస్తే ముందు తమ్ముడి చెయ్యి సంగతి ఇంటి దగ్గర తనే చూసుకుంటున్నానని చెప్పాడు, తర్వాత "ఫోర్కుకేం కాలేదు గద?" అన్నాడు. కాలేదన్నాను.

పిస్టన్ కదిలి ఇంజన్ లేస్తే నడుపుకుంటూ ఊరికి వస్తాను. సిలిండర్ బోరు పనికి ఎక్కువ రోజులు పట్టి, పండక్కి బండిని అట్లాగే ఇంటికి తేవాల్సి వస్తే, బొలెరో అతనికి ముందే చెప్పి పెట్టాను. గంజ్ అరుగు పొద్దున ఏడింటి లోపల ఖాళీగానే ఉంటుందని అక్కడి హమాలీలు చెప్పారు. ఈసారి వెనక టైరుకు కొత్త ట్యూబు వేయించి ఉంచమని మేస్త్రీకి డబ్బులిచ్చి వచ్చాను.